ఆటో చార్జీలు, రవాణా రూల్స్ ఖరారు కాకముందే మామూలు మనిషి తన మాట ఎక్కడ చెప్పుకోవాలి?

రామ్‌నగర్ ఆటో

అందరికీ నమస్కారం. నేను రామ్‌నగర్‌లో ఆటో నడుపుతాను. మా అడ్డా నుంచి విద్యానగర్, చిక్కడపల్లి, సికింద్రాబాద్ స్టేషన్ వైపు గిరాకీ ఎక్కువ. విషయం కాస్త పొడుగు, ఓపికగా చదవండి.

మన హైదరాబాద్‌లో ఆటో మీటర్ రేటు చివరిసారి మారింది 2014లో. మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆ తర్వాత కిలోమీటరుకు 11. కాగితం మీద ఇప్పటికీ అదే. ఆ రేటుకు గ్యాస్ ఖర్చు, ఫైనాన్స్ కిస్తీ వెళ్లవు కాబట్టి మీటర్ వేయడం మానేశారు. మీటర్ వేయరు కాబట్టి ఎక్కేవాళ్లు ఆటోవాళ్లందరినీ ఒకే గాటన కట్టి దొంగలంటారు. ప్రతి సవారీ బేరంతోనే మొదలవుతుంది.

మొన్న ఒక పెద్దావిడ, చేతిలో మందుల చీటీ, గాంధీ ఆసుపత్రికి ఎంత అని అడిగింది. డెబ్బై అన్నాను. "మీటరెయ్యి నాయనా, ఎంతయితే అంతిస్తా" అంది. మీటర్ వేస్తే ముప్పై అయిదో నలభయ్యో అవుతుంది. ఆమె అడిగింది న్యాయమే. నేను చెప్పిన రేటు కూడా ఈ రోజు ధరల్లో అన్యాయం కాదు. మా ఇద్దరి మధ్యా ఉన్న రూల్ మాత్రం ఆమెను అడిగి రాసింది కాదు, నన్ను అడిగి రాసిందీ కాదు.

ఇప్పుడు యాప్‌ల సంగతి. 2025 జులైలో కేంద్రం అగ్రిగేటర్లకు, అంటే యాప్‌లో బండి బుక్ చేసిపెట్టే కంపెనీలకు, కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. బేస్ ఫేర్, అంటే మూల చార్జీ, ఎంతో రాష్ట్రమే నిర్ణయించాలి. రద్దీ వేళ దానికి రెట్టింపు దాకా తీసుకోవచ్చు, రద్దీ లేనప్పుడు సగానికి తగ్గించవచ్చు. సొంత బండి ఉన్న డ్రైవర్‌కు చార్జీలో కనీసం 80 శాతం అందాలి. అంటే ఆ బేస్ ఫేర్ ఒక్కటి సరిగ్గా పడకపోతే మిగతా లెక్కలన్నీ తప్పుతాయి. అది ఎవరు రాస్తారు, ఏ లెక్క మీద రాస్తారు, ఆ ముసాయిదా మనం ఎక్కడ చూడాలి? ఒక ఆఫీసుకు వెళ్లి ఇదే అడిగాను. "జీవో వచ్చాక తెలుస్తుందిగా" అన్నారు. జీవో వచ్చాక తెలుసుకుని నేనేం చేయాలి?

యూనియన్ ద్వారా చెప్పుకోవచ్చు కదా అనకండి. యూనియన్‌ను పిలిస్తే వెళ్తుంది, మాట్లాడుతుంది, మంచిదే. ఆ పెద్దావిడకు యూనియన్ లేదు.

తెలిసినవాళ్లు చెప్పండి. చట్టంలో దారి ఏమైనా ఉందా? లేకపోతే ఏం అడగాలి?

---

పాత కంపోజిటర్

తమ్ముడూ, నేను చంచల్‌గూడ ప్రభుత్వ ముద్రణాలయంలో పని చేసి రిటైర్ అయ్యాను. ముసాయిదా ఎక్కడుంటుందని అడిగావు కదా, గెజిట్‌లో ఉంటుంది. మోటారు వాహనాల రూల్స్‌కు సవరణ వచ్చిందంటే ముందు ముసాయిదా అచ్చవుతుంది. దాని మీద ఒక పేరా ఉంటుంది, ప్రతిసారీ దాదాపు అవే మాటలు: ఫలానా సెక్షన్ కింద ఈ ముసాయిదాను సంబంధిత వ్యక్తుల సమాచారం కోసం ప్రచురిస్తున్నాం, ఫలానా తేదీన గానీ ఆ తర్వాత గానీ పరిశీలనకు తీసుకుంటాం, ఆలోగా వచ్చిన అభ్యంతరాలను, సూచనలను ప్రభుత్వం పరిగణిస్తుంది. కింద ఏ అధికారికి పంపాలో రాస్తారు. సవరణను బట్టి అంకెలు, పేర్లు మారతాయి గానీ ఆ పేరా మారదు. కంపోజ్ చేసేటప్పుడు అది చూడకుండానే చేతికి వచ్చేసేది.

అందులో "సంబంధిత వ్యక్తులు" అంటే నువ్వే, ఆ పెద్దావిడే. ఆ కాగితం మీ ఇద్దరికీ చేరదు, అంతే. నా చేతి మీదుగా పోయినవి ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే ఉండేవి. అదీ "మూడో ఉపనిబంధనలో ఈ మాటల బదులు ఈ మాటలు చేర్చాలి" అనే పద్ధతిలో. పాత రూల్ పక్కన పెట్టుకోనిదే చదువుకున్నవాడికి కూడా ఏం మారుతోందో అర్థం కాదు.

నా సలహా ఒక్కటే. ఆ ముసాయిదాను తెలుగులో, ఉర్దూలో ఒక పేజీకి కుదించి, పాత రూల్ ఇది, కొత్తగా రాబోయేది ఇది అని రెండు వరుసల్లో అచ్చేసి ప్రతి ఆర్టీఏ ఆఫీసులో లైసెన్సు కోసం కూర్చునే హాల్లో అంటించమని అడుగు. ఫిట్‌నెస్‌కు బండి తెచ్చినవాడు తన వంతు వచ్చేదాకా ఖాళీగానే ఉంటాడు. చదువుతాడు.

---

బార్ నుంచి

పాత కంపోజిటర్ గారు చెప్పిన పేరా వెనక ఉన్న చట్టం ఇది. మోటారు వాహనాల చట్టం, 1988, సెక్షన్ 212. ఈ చట్టం కింద రూల్ చేసే అధికారం "ముందస్తు ప్రచురణ" షరతుకు లోబడే ఉంటుంది. ఆ ప్రచురణ ఎలా జరగాలో జనరల్ క్లాజెస్ చట్టం, 1897, సెక్షన్ 23లో ఉంది. ముసాయిదా ప్రచురించాలి, పరిశీలించే తేదీ చెప్పాలి, ఆలోగా వచ్చిన అభ్యంతరాలను పరిగణనలోకి తీసుకోవాలి. రూల్ అయ్యాక శాసనసభ ముందు పెట్టాలని కూడా 212లోనే ఉంది.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి.

మొదటిది, ఆటో చార్జీ రూల్ కిందికి రాదు. అది సెక్షన్ 67 కింద రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా రవాణా ప్రాధికార సంస్థలకు ఇచ్చే ఆదేశం. ముసాయిదా ముందుగా ప్రచురించాలన్న షరతు 212లో రూల్స్‌కు పెట్టారు, 67లో ఆ మాట లేదు. మీ జేబుకు నేరుగా తగిలే విషయమేమో షరతు బయట ఉండిపోయింది. మెట్రో సంగతి చూడండి. 2002 నాటి మెట్రో రైల్వేల చట్టం ప్రకారం చార్జీల కమిటీకి హైకోర్టు జడ్జి లేదా మాజీ జడ్జి అధ్యక్షత వహించాలి. 2022లో మన మెట్రోకు వేసిన కమిటీ ప్రయాణికుల అభిప్రాయాలు పంపమని ప్రకటన కూడా ఇచ్చింది. ఆటోకు అలాంటి ఏర్పాటు ఏదీ చట్టం పెట్టలేదు.

రెండోది, పరిగణించాలి అన్నారే గానీ, జవాబివ్వాలి అనలేదు. మీ ఉత్తరం ఫైల్లో చేరిందా, ఎవరైనా చదివారా, ఎందుకు ఒప్పుకోలేదు, ఏదీ మీకు తెలియదు.

అయితే అదే సెక్షన్ 23లో మనకు పనికొచ్చే మాట ఒకటుంది. ముసాయిదాను ఏ విధంగా ప్రచురిస్తే సరిపోతుందో నిర్ణయించుకునే స్వేచ్ఛ రూల్ చేసే అధికారికే ఇచ్చారు. అంటే తెలుగులో వేయాలన్నా, ఆర్టీఏ హాల్లో అంటించాలన్నా, అభిప్రాయాలన్నీ వెబ్‌సైట్‌లో పెట్టాలన్నా కొత్త చట్టం అక్కర్లేదు. అసెంబ్లీకి వెళ్లనవసరం లేదు. శాఖ ఒక సర్క్యులర్ ఇచ్చుకుంటే చాలు. ఎవరైనా "చట్టం ఒప్పుకోదు" అంటే ఈ సెక్షన్ చూపించండి.

ఇదే చట్టం ఇంకోచోట ఎంత వివరంగా ఉందో చూడండి. ఆర్టీసీ లాంటి ప్రభుత్వ రవాణా సంస్థకు ఒక రూట్‌ను కేటాయించే స్కీమ్ పెట్టాలంటే సెక్షన్ 100 ప్రకారం గెజిట్‌తో పాటు ప్రాంతీయ భాషా పత్రికలో కూడా ప్రతిపాదన వేయాలి. గెజిట్‌లో వచ్చిన నాటి నుంచి 30 రోజుల్లో ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. చెప్పినవారిని పిలిచి వినాలి. స్థానిక భాష, గడువు, విచారణ, మూడూ ఉన్నాయి.

ఈ వినడం గురించి మన తెలుగు నేల నుంచే పెద్ద కేసు ఒకటి సుప్రీంకోర్టుకు వెళ్లింది: గుళ్ళపల్లి నాగేశ్వరరావు వర్సెస్ ఏపీఎస్ఆర్టీసీ. కృష్ణా జిల్లా బస్సుల జాతీయకరణ స్కీమ్ అది. అభ్యంతరాలు విన్నదేమో రవాణా శాఖ కార్యదర్శి, ఆమోదించిందేమో ముఖ్యమంత్రి. 1958 నవంబరులో మెజారిటీ తీర్పు రాసింది జస్టిస్ కోకా సుబ్బారావు, అంతకు ముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తి. ఒకరు విని ఇంకొకరు నిర్ణయిస్తే ఆ వినడానికి అర్థం లేదన్నారు. ప్రతిపాదన చేసిన శాఖకు చెందిన అధికారే విచారించడాన్ని కూడా తప్పుపట్టారు. ప్రభుత్వ ఉత్తర్వు కొట్టేశారు. నేను ప్రాక్టీసుకు వచ్చిన కొత్తల్లో మా సీనియర్ నా చేత మొదట చదివించిన తీర్పు ఇదే. రూల్స్ తయారీకి ఇది నేరుగా వర్తించదు, స్కీమ్ విచారణకే వర్తిస్తుంది. అయినా అభిప్రాయ సేకరణ పేరుతో ఒక జూనియర్ అధికారిని కూర్చోబెట్టి పంపేస్తే ఎందుకు ఒప్పుకోకూడదో దీనికన్నా బాగా చెప్పినది నేను చూడలేదు.

---

ఎందుకండీ ఇవన్నీ

లాయర్ గారు చెప్పినవన్నీ నిజమే కావచ్చు. కానీ 30 రోజులు గడువిచ్చినా రాసేదెవరు? పెద్ద కంపెనీలవాళ్లకు లాయర్లుంటారు, వాళ్లు రాస్తారు. మనం రాసింది బుట్టలో పడుతుంది. నేనైతే మా కాలనీ రోడ్డు గురించి రాసీ రాసీ వదిలేశాను.

---

రైతు సంఘం, ఈఆర్‌సీ విచారణలకు వచ్చేవాడిని

పైన రాసిన మిత్రుడి బాధ అర్థమైంది. నేను చెప్పేది విని ఆ తర్వాత వదిలేయండి.

కరెంటు చార్జీలు పెంచాలంటే డిస్కంలు, అంటే కరెంటు పంపిణీ సంస్థలు, తమంతట తాము పెంచుకోలేవు. విద్యుత్ నియంత్రణ మండలికి (ఈఆర్‌సీ) ప్రతిపాదన పెట్టాలి. 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 64 ప్రకారం ఆ ప్రతిపాదనను ప్రచురించాలి, ప్రజల అభ్యంతరాలు చూశాకే మండలి ఉత్తర్వు ఇవ్వాలి. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో మండలి పెట్టింది మొదలు హైదరాబాద్‌లో ఈ విచారణలు నడుస్తున్నాయి. రెడ్‌హిల్స్ సింగరేణి భవన్‌లో జరిగినప్పుడు మా ఊళ్ల నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చేవాళ్లం.

పద్ధతి ఇది. నేను తెలుగులో అభ్యంతరం రాసి మండలికి ఒక కాపీ, డిస్కంకు ఒక కాపీ పంపుతాను. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే మార్చడానికి ఎన్నాళ్లు పడుతోంది, నష్టాల లెక్కలో వ్యవసాయం వాటా ఎలా వేశారు, ఇలాంటివి. డిస్కం నాకు రాతపూర్వకంగా జవాబివ్వాలి. విచారణ రోజు పేరు పిలుస్తారు, మైకు ముందుకు వెళ్లి మాట్లాడతాను. ఎదురుగా కూర్చునేది నిర్ణయం తీసుకునే ఛైర్మనూ సభ్యులే, ఇంకెవరో కాదు. డిస్కం అధికారులు పక్కనే ఉంటారు, అక్కడికక్కడ సమాధానం చెప్పాలి.

అసలు విషయం ఆ తర్వాత వచ్చే ఉత్తర్వులో ఉంటుంది. ఒక్కో అంశం తీసుకుని ముందు అభ్యంతరదారులు ఏమన్నారు, దాని కింద డిస్కం ఏం జవాబిచ్చింది, దాని కింద మండలి అభిప్రాయం ఏమిటి, ఈ వరుసలో రాస్తారు. మేం చెప్పింది ప్రతిసారీ ఒప్పుకుంటారని కాదు. ఎక్కువసార్లు ఒప్పుకోరు. కానీ ఎందుకు ఒప్పుకోలేదో పేజీ నంబరుతో సహా నా చేతిలో ఉంటుంది. మరుసటి ఏడు ఆ పేజీ తెరిచి "నిరుడు మీరు ఈ కారణం చెప్పారు, ఇప్పుడు ఆ కారణం లేదు కదా" అని అడగగలను. బుట్టలో వేయడానికి అక్కడ కుదరదు.

ఇదే నగరంలో కరెంటుకు సాధ్యమైనది ఆటోకు ఎందుకు సాధ్యం కాదో రవాణా శాఖవాళ్లను అడగండి.

---

కొండాపూర్, ఇంతకుముందు ఆస్టిన్

మా కుటుంబం ఈ మధ్యే టెక్సాస్ నుంచి తిరిగి వచ్చేసింది. అక్కడి రాష్ట్ర రవాణా శాఖ రూల్స్ ఎలా చేస్తుందో నాకు తెలిసింది చెబుతాను, ఇందులో తీసుకోదగినవి ఉన్నాయి.

రాష్ట్ర ప్రభుత్వ శాఖల ప్రతిపాదిత రూల్స్ అన్నీ టెక్సాస్ రిజిస్టర్ అనే వారపత్రికలో వస్తాయి, ఆన్‌లైన్‌లో ఉచితంగా చదవొచ్చు. ప్రతిపాదన వేశాక కనీసం 30 రోజులు ఆగాలి. కనీసం 25 మంది కోరితే, లేదా అంతమంది సభ్యులున్న సంఘం కోరితే, ముఖ్యమైన రూల్స్‌కు బహిరంగ విచారణ పెట్టి తీరాలి. రూల్ ఖరారు చేసే ఉత్తర్వులో ఎవరు ఏమన్నారో సారాంశం, ఒప్పుకోనివాటికి కారణం రాయాలి. రైతు సంఘం గారు చెప్పిన మూడు అంచెల ఉత్తర్వు చదువుతుంటే నాకు అదే గుర్తొచ్చింది.

ఇంకొకటి. కొత్త రూల్ కావాలనో, పాతది మార్చాలనో పౌరుడే అర్జీ పెట్టుకోవచ్చు. శాఖ 60 రోజుల్లో పని మొదలుపెట్టాలి, లేదా కారణం రాసి తిరస్కరించాలి. రామ్‌నగర్ అన్నయ్య సమస్యకు ఇదే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. ఆయన కష్టం చెడ్డ రూల్ వచ్చిందని కాదు, 2014 నుంచి ఏ రూలూ కదల్లేదని. ముసాయిదా వస్తే కదా అభ్యంతరం చెప్పేది. ముసాయిదా తెమ్మని అడిగే హక్కు, దానికి గడువులోగా జవాబు, రెండూ కావాలి.

అక్కడ మరీ స్వర్గమేమీ లేదు. విచారణ గదులు చాలాసార్లు ఖాళీగానే ఉంటాయి. కానీ ఖాళీ గదికి తలుపు తెరిచి ఉండడం వేరు, తలుపే లేకపోవడం వేరు.

---

బార్ నుంచి

కొండాపూర్ వారి మాటకు చిన్న చేర్పు. మన దేశంలోనూ దీనికి దగ్గరి నమూనా ఉంది. 2014 ఫిబ్రవరిలో కేంద్రం ఇచ్చిన శాసన పూర్వ సంప్రదింపుల విధానం ప్రకారం కేంద్ర శాఖలు ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలి, అందరికీ అర్థమయ్యే భాషలో వివరణ జత చేయాలి, వచ్చిన అభిప్రాయాల సారాంశం వెబ్‌సైట్‌లో పెట్టాలి. రాష్ట్రాలకు అది వర్తించదు. రాష్ట్రం తలుచుకుంటే తనకు తాను అలాంటిది పెట్టుకోవచ్చు.

ఈలోగా చేతిలో ఉన్న ఆయుధం సమాచార హక్కు చట్టం. సెక్షన్ 4 చూడండి. విధానాల రూపకల్పనలో ప్రజలతో సంప్రదింపులకు ఏ ఏర్పాటు ఉందో ప్రతి ప్రభుత్వ కార్యాలయం తనంతట తానే ప్రకటించాలి. ప్రజలపై ప్రభావం చూపే ముఖ్య నిర్ణయాలు ప్రకటించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ వెల్లడించాలి. 10 రూపాయల అర్జీతో రెండు ప్రశ్నలు వేయండి: మీ సంప్రదింపుల ఏర్పాటు ఏమిటి, 2014 చార్జీకి ఆధారమైన లెక్కల కాపీ ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రావాలి. "ఏర్పాటు లేదు" అని జవాబొచ్చినా మంచిదే, ఆ కాగితమే మీ వినతిపత్రానికి మొదటి పేజీ అవుతుంది.

---

రామ్‌నగర్ ఆటో

అందరికీ పేరుపేరునా దండాలు. ఇంత వివరంగా చెబుతారని అనుకోలేదు. రాత్రి అడ్డా దగ్గర ఇదంతా మావాళ్లకు చదివి వినిపించాను. రైతు సంఘం అన్న చెప్పిన మూడు వరుసల ఉత్తర్వు దగ్గర అందరూ ఆగిపోయారు, మళ్లీ చదవమన్నారు. మాకు రేటు పెంచకపోయినా సరే, ఎందుకు పెంచలేదో రాసిస్తే చాలని ఒక పెద్దాయన అన్నాడు. ఆయన ఎమర్జెన్సీ రోజుల్లో రిక్షా తొక్కి, తర్వాత ఆటోకు వచ్చినవాడు. ఆ మాట నాకు బాగా తగిలింది. అప్పటిదాకా నేనూ డబ్బుల లెక్కే అడుగుతున్నాననుకున్నాను, మేం అడుగుతున్నది జవాబు.

"ఎందుకండీ" అన్న మిత్రమా, పెద్ద కంపెనీలే రాస్తాయన్నావు. నిజం. అందుకే వాళ్లు రాసిందీ, మనం రాసిందీ ఒకే చోట అందరికీ కనిపించాలని అడుగుతున్నాను. కంపెనీ బేస్ ఫేర్ ఎంత ఉండాలని కోరిందో నాకు తెలియాలి. నేను ఎంత కోరానో ఎక్కేవాళ్లకు తెలియాలి. చాటున మాట్లాడుకుంటే ఎవరికి బలముంటే వాళ్ల మాట చెల్లుతుంది.

మీరందరూ చెప్పినవి కలిపి వినతిపత్రం రాస్తున్నాను. ఇందులో రేటు ఎంత ఉండాలో అడగడం లేదు, అది వేరే కాగితం. ఇది పద్ధతి గురించి మాత్రమే. ఆటో, క్యాబ్, యాప్ చార్జీల నోటిఫికేషన్‌కు కూడా రూల్స్‌కు మాదిరే ముందు ముసాయిదా వేయాలి. తెలుగు, ఉర్దూల్లో పాత రూల్, కొత్త రూల్ పక్కపక్కన చూపించే ఒక పేజీ ప్రతి ఆర్టీఏ ఆఫీసులో, బస్ డిపోల్లో అంటించాలి. గ్యాస్, రిపేరు, ఇన్సూరెన్స్, కిస్తీ, ఖాళీగా తిరిగే కిలోమీటర్లు వేసిన లెక్క దానికి జత చేయాలి. గడువు 30 రోజులు. నిర్ణయం తీసుకునే అధికారే విచారణలో కూర్చోవాలి. విచారణ సాయంత్రం పెట్టాలి, పగలు పెడితే ఆ రోజు కూలి పోతుంది, ఎవరూ రారు. వచ్చిన ప్రతి అభ్యంతరానికి కారణంతో జవాబు తుది ఉత్తర్వులో ఉండాలి. రూల్ మార్చమని పౌరుడు అర్జీ పెడితే 60 రోజుల్లో రాతపూర్వకంగా ఏదో ఒకటి తేల్చాలి. లాయర్ గారు చెప్పిన సెక్షన్ 23 అడుగున పెడుతున్నాను, చట్టం ఒప్పుకోదనే మాట రాకుండా.

సమాచార హక్కు అర్జీ దీనితో పాటే వేస్తాను. బార్ నుంచి రాసిన సార్, మీకు వీలైతే ఆ రెండు ప్రశ్నల మాటలు ఒకసారి సరిచూసి పెట్టండి.

డ్రైవర్ల సంతకాలకు ఇబ్బంది లేదు, మా అడ్డా, నల్లకుంట అడ్డా, బర్కత్‌పుర వాళ్లు ఒప్పుకున్నారు. నాకు కావాల్సింది ఎక్కేవాళ్ల సంతకాలు. ఆసుపత్రులకు వెళ్లేవాళ్లు, పిల్లల్ని బడికి పంపేవాళ్లు, రాత్రి షిఫ్టు దిగి ఇంటికి వెళ్లేవాళ్లు. మా మీద కోపం ఉన్నవాళ్లు అయితే ఇంకా మంచిది, ఆ కోపం కూడా కాగితం మీద రాయండి, అలాగే జత చేస్తాను. ఆదివారం సాయంత్రం బాగ్‌లింగంపల్లి సుందరయ్య పార్కు గేటు దగ్గర ఉంటాం. ఉప్పల్, ఎల్బీనగర్ వైపు ఎవరైనా సంతకాలు సేకరించగలిగితే ఇక్కడే చెప్పండి, కాగితాలు నేను తెచ్చిస్తాను.